ఖాళీ పీఠాల చుట్టూ రెండు పూటలు: డబ్లిన్‌లో ఒక చరిత్ర నడక

డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తూ ఆరేళ్లయింది. ఓకానెల్ వీధి మధ్యలో 120 మీటర్ల ఎత్తున ఒక ఉక్కు స్తంభం నిలబడి ఉంటుంది. ఇక్కడివారు దాన్ని స్పైర్ అంటారు. దాని పక్కనుంచి ఎన్ని వందలసార్లు నడిచానో లెక్కలేదు. అది వచ్చింది 2003లో. అంతకుముందు ఆ చోట ఏముండేదో, అది ఏమైపోయిందో నేనెప్పుడూ ఆరా తీయలేదు. మే నెలలో నాన్నగారు వచ్చారు. ఊరు చూపిస్తానంటే, "ముందు ఇక్కడ ఎవరి విగ్రహాలున్నాయో, ఎవరివి తీసేశారో చూపించమ్మా, ఊరి సంగతి దానితోనే తెలిసిపోతుంది" అన్నారు. ఆయన నెల్లూరు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆయన అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు కనుక, విగ్రహాలనూ యుద్ధ స్మారకాలనూ గైడుతో తిప్పి చూపించే ఒక రెండు పూటల నడకకు ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాను.

ఇటువంటి నడకలు నడిపేవారు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. మేము వెళ్లిన సంస్థ పేరు రాయడం లేదు. ఎవరితో వెళ్లినా ఏం చూడాలో, ఏం అడగాలో చదివేవారికి తెలియడమే నాకు కావలసింది. శనివారం ఉదయం ఒక పూట నగరం నడిబొడ్డున, ఆదివారం మధ్యాహ్నం ఒక పూట ఐలండ్‌బ్రిడ్జ్, ఫీనిక్స్ పార్కు వైపు తిప్పారు. ఒక్కో పూట రెండున్నర గంటలు, మనిషికి 24 యూరోలు. వృద్ధులకు తగ్గింపు లేదు.

మా గైడు అరవై దాటిన స్థానిక మహిళ. ఆమె సంచిలో ఇరవై దాకా పాత ఫోటోలు, ప్లాస్టిక్ తొడుగులు వేసినవి, ఉంటాయి. ఒక చోటికి చేరగానే ఆమె మాట్లాడదు. ముందు ఫోటో తీసి, చేయి చాచి, ఫోటోలోని భవనం చూరు ఎదురుగా ఉన్న నిజమైన చూరుతో కలిసేదాకా అటూ ఇటూ జరిపి, మనల్ని ఒక్కొక్కరినే తన భుజం వెనక నిలబెట్టి చూడమంటుంది. చినుకులు పడుతుంటే తొడుగు మీది నీళ్లను చేతిరుమాలుతో తుడిచి మరీ చూపించింది. ఇప్పుడు లేని విగ్రహం ఆ ఫోటోలో ఉంటుంది. చుట్టూ ఉన్న గోడలు, కిటికీలు ఇప్పటికీ అవే. ఈ పద్ధతి ఒక్కటే ఆ టికెట్టుకు సగం విలువ చేస్తుందని నా అభిప్రాయం.

మొదటి మజిలీ స్పైర్ దగ్గరే. అక్కడ 1809 నుంచి నెల్సన్ స్తంభం ఉండేది. ట్రఫాల్గర్ యుద్ధంలో గెలిచి ప్రాణం విడిచిన బ్రిటిష్ నౌకా సేనాని నెల్సన్‌కు లండన్‌లో స్తంభం లేవడానికి చాలా ఏళ్ల ముందే డబ్లిన్‌లో లేచింది. విగ్రహంతో కలిపి ఎత్తు 134 అడుగులు. లోపల 168 మెట్లు. చిల్లర చెల్లించి పైకెక్కితే ఊరంతా కనిపించేదట. ట్రాములన్నీ అక్కడికే చేరేవి కనుక డబ్లిన్ వాళ్లకు అది ఆంగ్లేయుల విజయస్తంభం కన్నా ఎక్కువగా ఒకరినొకరు కలుసుకునే చోటు. పెళ్లికి ముందు తన తల్లిదండ్రులు కలుసుకున్నది ఆ స్తంభం మొదట్లోనేనని గైడు చెప్పింది. స్వతంత్రం వచ్చాక దాన్ని తీసేయాలన్న మాట ఎన్నోసార్లు వచ్చింది కానీ, స్తంభం ఒక ధర్మకర్తల సంఘం చేతిలో ఉండటంతో నగరపాలక సంస్థకు తీసే హక్కు లేకపోయింది. బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటుకు యాభై ఏళ్లు నిండుతున్న 1966లో, మార్చి 8 తెల్లవారుజామున, ఒక బాంబు పేలి స్తంభం పై సగం కూలిపోయింది. ఎవరూ చనిపోలేదు. మిగిలిన మొండిని ఆరు రోజుల తర్వాత సైన్యమే పేల్చి నేలమట్టం చేసింది. బాంబు పెట్టినందుకు ఎవరికీ శిక్ష పడలేదు.

ఇదంతా ఏ చరిత్ర పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఆ విగ్రహం తల ఇప్పుడు ఎక్కడుందో చూపించడానికి మమ్మల్ని నది దాటించి పియర్స్ వీధిలోని నగర గ్రంథాలయానికి తీసుకువెళ్లడం ఈ నడకలో నాకు నచ్చిన విషయం. పేలుడు తర్వాత ఆ తలను కళాశాల విద్యార్థులు కార్పొరేషన్ గిడ్డంగి నుంచి ఎత్తుకుపోయి, తమ సంఘం అప్పు తీర్చుకోవడానికి అద్దెకు కూడా తిప్పారు. ఇప్పుడది గ్రంథాలయం పైఅంతస్తు చదువుల గదిలో ఉంది. పక్క బల్లల దగ్గర ముసలివాళ్లు తమ తాతముత్తాతల జనన మరణ పత్రాలు వెతుక్కుంటూ ఉంటారు. అంత ఎత్తు నుంచి చూడటానికి చెక్కిన ముఖం కనుక దగ్గరికి వెళితే గీతలన్నీ మొరటుగా, లోతుగా ఉంటాయి. నూటయాభై ఏళ్ల వానకూ గాలికీ అరిగి, పడిపోయినప్పుడు దెబ్బలు తిని ఉంది. నాన్నగారు కళ్లజోడు తీసి, దాదాపు ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి, చాలాసేపు చూశారు. అక్కడ గైడు మాట్లాడలేదు. మాట్లాడకూడని చోటు కూడా అది.

స్తంభానికీ గ్రంథాలయానికీ మధ్యలో రెండు చోట్ల ఆగాం. ఒకటి జనరల్ పోస్టాఫీసు. 1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం నాడు, ఐరిష్ గణతంత్ర ప్రకటనను చదివింది దాని ముందే. దాని గురించి గైడు క్లుప్తంగా చెప్పి వదిలేసింది. లోపల మ్యూజియం ఉంది కనుక అది సబబే. రెండోది వంతెన దగ్గరి స్మారకం, పంతొమ్మిదో శతాబ్దపు ఐరిష్ జాతీయ నాయకుడు డేనియల్ ఓకానెల్‌ది. అడుగున కూర్చున్న, రెక్కలున్న నాలుగు స్త్రీమూర్తుల్లో ఒకదాని రొమ్ము మీద గుండ్రని రంధ్రం ఉంది. వీధుల్లో కాల్పులు జరిగిన కాలంలో దిగిన తూటా గుర్తు అది. కంచును మరమ్మతు చేసేటప్పుడు కూడా ఇటువంటి రంధ్రాలను పూడ్చలేదు. విగ్రహాన్ని కూల్చలేదు, కొత్తది చేయలేదు, తగిలిన దెబ్బను దాచలేదు. ఈ ఊళ్లో నాకు అన్నిటికన్నా నచ్చిన స్మారకం ఇదే.

కాలేజ్ గ్రీన్ దగ్గర 1701 నాటి మూడో విలియం రాజు గుర్రపు విగ్రహం ఉండేది. బోయిన్ యుద్ధంలో కేథలిక్ రాజును ఓడించిన విలియం పుట్టినరోజున దాని చుట్టూ ఊరేగింపులు జరిగేవి. ఆ ఊరేగింపులు చూసి కడుపు మండినవాళ్లు రాత్రిపూట దానికి తారు పూసేవారు. 1928 నవంబరు 11న, మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజు వార్షికోత్సవం నాడు, బాంబు పెట్టాక దాన్ని తీసేశారు. ఇప్పుడక్కడ కవి, జాతీయవాది థామస్ డేవిస్ నిలబడి ఉన్నాడు. తర్వాత లెన్‌స్టర్ హౌస్, అంటే వాళ్ల పార్లమెంటు. దాని ముందు 1908లో పెట్టిన విక్టోరియా రాణి విగ్రహాన్ని 1948లో, దేశం గణతంత్రం కాబోతున్న సమయంలో తీసేసి, దశాబ్దాల పాటు గోదాముల్లో పడేసి, చివరికి ఆస్ట్రేలియాకు పంపారు. 1987 నుంచి అది సిడ్నీలో ఒక వ్యాపార భవనం ముందు కూర్చుని ఉంది. అదే పార్లమెంటు వెనక పచ్చికలో ఆమె భర్త ఆల్బర్ట్ విగ్రహం మాత్రం ఎవరూ తీసేయకుండా ఇప్పటికీ ఉంది. ఆమెను పంపి ఆయన్ని ఎందుకు ఉంచారని ఎవరో అడిగితే, "ఆయన మీద కోపం తెచ్చుకునేంతగా ఎవరూ ఆయన్ని గుర్తుపెట్టుకోలేదు" అంది గైడు. ఆ జవాబు నాకు పూర్తిగా సరిపోయినట్టు అనిపించలేదు. ముందువైపు, రోజూ జనం కళ్లపడే చోట ఉండటం, వెనక పొదల చాటున ఉండటం కూడా ఒక విగ్రహం బతుకును నిర్ణయిస్తాయి.

ఇక్కడ మొదటి ఫిర్యాదు చెప్పాలి. పదిహేను మందికి మించకుండా తీసుకువెళతామని టికెట్టు మీద రాసి ఉంది. మేము లెక్కపెడితే ఇరవై నాలుగు మందిమి. ఒక్కొక్కరినే నిలబెట్టి ఫోటో చూపించే పద్ధతికి ఇరవై నాలుగు మంది చాలా ఎక్కువ. ప్రతి చోటా చివరి ఐదారుగురు చూడకుండానే ముందుకు కదలవలసి వచ్చింది. చెవికి పెట్టుకునే పరికరాలిచ్చారు గానీ నాన్నగారిది గంటలోపే మూగబోయింది. బదులు మరొకటి లేదు. మిగిలిన దారంతా నేనే ఆయనకు తెలుగులో చెబుతూ నడిచాను. రెండున్నర గంటల్లో ఒక్కసారి కూడా కూర్చోబెట్టలేదు. డెబ్బై దాటినవారిని తీసుకువెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

శనివారం చివరి మజిలీ సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్. ఆ తోట నడుమ రెండో జార్జి రాజు గుర్రపు విగ్రహం ఉండేది. ఆరో జార్జి లండన్‌లో పట్టాభిషేకం చేసుకున్న మర్నాడు, 1937 మే 13న, దాన్ని పేల్చేశారు. తోట మూలన, గ్రాఫ్టన్ వీధి ఎదురుగా ఉన్న రాతి తోరణం మాత్రం నిలిచింది. దక్షిణాఫ్రికాలో డచ్చి సంతతి బోయర్లతో జరిగిన యుద్ధంలో చనిపోయిన, బ్రిటిష్ సైన్యపు రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్ దళం సైనికుల జ్ఞాపకార్థం 1907లో కట్టినది ఇది. తోరణం కింద నిలబడి తల పైకెత్తితే చనిపోయినవారి పేర్లు కనిపిస్తాయి. ఆ యుద్ధంలో ఐరిష్ జాతీయవాదుల సానుభూతి బోయర్ల పక్షాన ఉండేది. వాళ్ల తరఫున పోరాడిన ఐరిష్ దళం కూడా ఒకటి ఉంది, దాని నాయకుల్లో ఒకడైన జాన్ మాక్‌బ్రైడ్‌ను 1916లో బ్రిటిష్ వాళ్లు కాల్చి చంపారు. అందుకే ఈ తోరణానికి ‘ద్రోహుల ద్వారం’ అనే పేరు అంటుకుంది. 1916 కాల్పుల గుర్తులు దీని రాళ్ల మీద కూడా ఉన్నాయి.

గైడు ఇదంతా చెప్పి ముగించబోతుండగా నాన్నగారు చేయెత్తారు. తరగతిలో పిల్లలు చేయెత్తినట్టే ఎత్తారు. "ఈ దళం ఇంతకుముందు మా మద్రాసుది, మీకు తెలుసా?" అని అడిగారు. నాకూ తెలియదు. ఆయన చెప్పిందిది. డబ్లిన్ ఫ్యుజిలియర్స్ మొదటి పటాలం 1881కి ముందు రాయల్ మద్రాస్ ఫ్యుజిలియర్స్. అంతకుముందు ఈస్టిండియా కంపెనీ మద్రాసులో పెంచిన యూరోపియన్ సైన్యం. 1857లో అలహాబాదులో, కాన్పూరులో విచారణ లేకుండా జనాన్ని ఉరితీయించిన జేమ్స్ నీల్ ఆ దళానికే అధిపతి. లక్నోలో చనిపోయిన అతనికి మద్రాసు మౌంట్ రోడ్డులో విగ్రహం పెట్టారు. 1927లో దాన్ని తీసేయాలని సత్యాగ్రహం జరిగి ఎంతోమంది జైలుకు వెళ్లారు. చివరికి రాజాజీ ప్రభుత్వం వచ్చాక, 1937లో, దాన్ని ఎగ్మూరు మ్యూజియంకు తరలించారు. నాన్నగారు మద్రాసులో చదువుకునే రోజుల్లో ఆ విగ్రహాన్ని మ్యూజియంలో చూశారు. "ఇక్కడ జార్జిని పేల్చిన ఏడాదే అక్కడ మేము నీల్‌ను దించాం. మేము బాంబు పెట్టలేదు, మ్యూజియంలో పెట్టాం" అని తన బడి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పి, మళ్లీ తోరణం కింది పేర్ల వైపు చూపించి, "కానీ ఈ పిల్లలు నీల్ కాదు కదా. వీళ్లు కూలికి వెళ్లినవాళ్లు" అన్నారు.

గైడు సంచి కింద పెట్టి, పెన్ను తీసి, దళం పేరూ, నీల్ పేరూ, ఏడాదీ రాసుకుంది. మళ్లీ అడిగి అక్షరాలు సరిచూసుకుంది. చాలాచోట్ల గైడులు ఇటువంటి మాట వింటే నవ్వి తలూపి ముందుకు కదులుతారు. తన ఊరి రాయికి మన ఊరితో ఉన్న బంధాన్ని వినడానికి ఆగి, ఆలస్యమైనా ఫరవాలేదనుకున్న ఆ పద్ధతి చూసి, ఈ నడకను మెచ్చుకుంటూ రాయాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఆదివారం పూట వేరే రకం. హ్యూస్టన్ స్టేషన్ దగ్గర కలుసుకుని, లిఫీ నది వెంట ఐలండ్‌బ్రిడ్జ్‌లోని జాతీయ యుద్ధ స్మారక ఉద్యానానికి నడిచాం. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో సుమారు రెండు లక్షల మంది ఐరిష్ వాళ్లు పనిచేశారు. వాళ్లు ఇల్లు వదిలి వెళ్లినప్పుడు ఊరంతా బ్యాండు మేళంతో సాగనంపింది. తిరిగి వచ్చేసరికి 1916 జరిగిపోయింది, ఊరు మారిపోయింది, వాళ్ల యూనిఫాం శత్రువు యూనిఫాం అయిపోయింది. గైడు తాత అలా తిరిగివచ్చినవాడే. పతకాలను కోకో డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను బొగ్గు గది అటక మీద దాచాడట. ఆయన చనిపోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే అది దొరికింది. ఇంట్లో పిల్లలెవరికీ ఆయన సైనికుడని తెలియదు. ఆమె ఈ మాట చెప్పింది ఉద్యానంలోకి అడుగుపెట్టే ముందు, చెట్ల వరుస కింద, సగం మంది వెనకబడి ఇంకా రాకముందే. అందరికీ చెప్పడానికి కాదు, నాన్నగారికి చెప్పింది.

ఈ ఉద్యానాన్ని రూపొందించింది ఎడ్విన్ లట్యెన్స్. ఢిల్లీలో ఇండియా గేట్ కట్టినది ఆయనే. నడుమ పచ్చికలో యుద్ధ శిల, దాని వెనక ఎత్తయిన శిలువ, రెండు వైపులా నేలకు దిగువన గులాబీ తోటలు, కలువ కొలనులు, నాలుగు రాతి గదులు ఉంటాయి. 1930లలో దీన్ని కట్టేటప్పుడు పనివాళ్లను సగం మందిని బ్రిటిష్ సైన్యపు మాజీల నుంచి, సగం మందిని ఐరిష్ సైన్యపు మాజీల నుంచి తీసుకున్నారు. వీలైనంత ఎక్కువ మందికి కూలి దొరకాలని యంత్రాలను పక్కనపెట్టారు. ఏడెనిమిది టన్నుల గ్రానైట్ దిమ్మెలను వాసాలతో, మోకులతో, మనుషుల బలంతోనే ఎత్తి నిలిపారు. ఆ దిమ్మెల మీద చేయి వేసి చూస్తే ఉలి దెబ్బల గరుకు ఇప్పటికీ తగులుతుంది. పదేళ్ల కిందట ఎదురెదురు పక్షాల్లో తుపాకులు పట్టినవాళ్లు ఒకే మోకును పట్టి లాగిన చోటు ఇది. ఇంత మాటను ఏ శాసనమూ అక్కడ రాయలేదు. గైడు చెబితేనే తెలిసింది.

ఈ స్మారకం ఊరి చివరన ఉండటానికి కూడా కారణముంది. పార్లమెంటు ఎదురుగా మెరియన్ స్క్వేర్‌లో పెట్టాలన్న ప్రతిపాదనను 1927లో మంత్రి కెవిన్ ఓహిగ్గిన్స్ వ్యతిరేకించాడు. ఆయన సొంత అన్నదమ్ముల్లో ఇద్దరు బ్రిటిష్ దళాల్లో పనిచేశారు, ఒకరు ఆ యుద్ధంలోనే చనిపోయారు. అయినా, ఈ రాజ్యం పుట్టింది ఆ త్యాగం నుంచి కాదు కనుక పార్లమెంటు గుమ్మం ముందు ఆ స్మారకం ఉంటే చూసేవారికి తప్పు అర్థం వస్తుందన్నది ఆయన వాదన. నేను దాన్ని మొదట కఠినమైన మాటగా విన్నాను. నాన్నగారు మాత్రం, "ఇంట్లో శవం లేచినవాడు ఆ మాట అనగలిగాడంటే తేలిగ్గా తీసుకోకూడదమ్మా" అన్నారు. ఓహిగ్గిన్స్‌ను అదే ఏడాది జులైలో కాల్చి చంపారు.

ఉద్యానం పూర్తయ్యేసరికి రెండో ప్రపంచయుద్ధం వచ్చిపడింది, ప్రారంభోత్సవం ఆగిపోయింది. 1956లోనూ 1958లోనూ బాంబులు పెట్టారు కానీ రాయికి పెద్దగా ఏమీ కాలేదు. బాంబులు చేయలేని పనిని నిర్లక్ష్యం చేసింది. 1980ల నాటికి అది చెత్త పోసే చోటు, పశువులు తిరిగే చోటు అయిపోయింది. మరమ్మతులు చేసి 1988లో అంకితం చేశారు. 2011 మే నెలలో బ్రిటిష్ రాణి ఎలిజబెత్, ఐరిష్ అధ్యక్షురాలు మేరీ మెకలీస్ అక్కడ పక్కపక్కన నిలబడి పుష్పగుచ్ఛాలు ఉంచారు. శాసనంలో 49,400 మంది ఐరిష్ వాళ్లు ప్రాణాలిచ్చారని చెక్కి ఉంది. ఐరిష్ దళాల్లో చనిపోయిన ఇంగ్లండు, స్కాట్లండు వాళ్లను కూడా ఆ లెక్కలో కలిపారు కనుక అసలు సంఖ్య అంతకన్నా తక్కువని చరిత్రకారులు చెబుతారు. ఆ సంగతి గైడు దాచకుండా చెప్పింది. రాతిలో చెక్కిన అంకెను కూడా ప్రశ్నించవచ్చని ఒక గైడు నోట వినడం నాన్నగారికి ఎంతో సంతోషం కలిగించింది.

రెండో ఫిర్యాదు, నాకు పెద్దది, ఇక్కడే. ఆ పేర్లన్నీ అచ్చయి ఉన్న ఎనిమిది సంపుటాల స్మారక గ్రంథం రాతి గదుల్లోనే ఉంది. పుటల అంచులకు బొమ్మలు గీసింది ఐర్లండు గాజు చిత్రకారుడు హ్యారీ క్లార్క్. ఫ్రాన్సులోని సోమ్ రణరంగంలో, గిన్షీ దగ్గర ఐరిష్ డివిజన్ తమ మృతుల కోసం నాటిన కొయ్య శిలువ కూడా అక్కడే ఉంది. ఆ గదులు మామూలుగా తాళం వేసి ఉంటాయి, ముందుగా ఏర్పాటు చేసుకుంటే తెరుస్తారు. టికెట్టు కొనేటప్పుడు నేను ప్రత్యేకంగా అడిగితే తెరిపిస్తామని సంస్థవారు రాతపూర్వకంగా జవాబిచ్చారు. తీరా వెళితే ఎవరూ ఏర్పాటు చేయలేదు. ఇరవై మందిమి కిటికీ చువ్వల్లోంచి చీకట్లోకి తొంగిచూసి వచ్చేశాం. గైడు సిగ్గుపడి క్షమాపణ చెప్పింది. తప్పు ఆమెది కాదు. డబ్బు తీసుకుని మాటిచ్చినవాళ్లు ఆ చిన్న పని చేసి ఉండాల్సింది.

అక్కడినుంచి ఫీనిక్స్ పార్కుకు వెళ్లాం. డబ్లిన్‌లోనే పుట్టిన వెల్లింగ్టన్ కోసం 1817లో మొదలుపెట్టి 1861లో ముగించిన 62 మీటర్ల రాతి సూది స్తంభం అక్కడ ఉంది. ఎవరూ దాన్ని కదపలేదు. అడుగున ఉన్న కంచు ఫలకాల్లో ఒకటి భారత యుద్ధాలది, అందులో శ్రీరంగపట్నం కోట మీద దాడి ఉంది. టిప్పు సుల్తాను మీద వెళ్లిన ఆ దండులో నిజాం సైన్యం వెల్లింగ్టన్ కిందే నడిచింది కనుక, మేము దాని ముందు అందరికన్నా ఎక్కువసేపు నిలబడ్డాం. గైడు దాన్ని రెండు వాక్యాల్లో ముగించింది. అదే పార్కులో పంజాబు యుద్ధాల సేనాని గౌ విగ్రహం ఉండేది. 1957లో పేల్చేశాక అది ఇంగ్లండులోని ఒక కోట ఆవరణకు చేరింది. పార్కులో అది ఒకప్పుడు ఉన్న చోటును ఆమె దూరం నుంచే చేత్తో చూపించింది. అప్పటికే అందరి కాళ్లూ పీకుతున్నాయి.

ఈ నడకలో నాకు కనిపించిన అసలు లోపం మరొకటి. రెండో ప్రపంచయుద్ధం గురించి ఒక్క మజిలీ కూడా లేదు. ఐర్లండు ఆ యుద్ధంలో తటస్థంగా ఉంది, ఆ కాలాన్ని ఇక్కడ ‘ఎమర్జెన్సీ’ అంటారు. తటస్థంగా ఉన్నంత మాత్రాన యుద్ధం వదల్లేదు. 1941 మే 31 తెల్లవారుజామున నార్త్ స్ట్రాండ్ మీద జర్మన్ బాంబులు పడి 28 మంది చనిపోయారు. ఐరిష్ సైన్యం నుంచి చెప్పకుండా వెళ్లి బ్రిటిష్ సైన్యంలో చేరి హిట్లర్ మీద పోరాడిన సుమారు ఐదు వేల మందిని యుద్ధం ముగిశాక మూకుమ్మడిగా తొలగించి, ఏడేళ్ల పాటు ప్రభుత్వ ఉద్యోగాలకు దూరం పెట్టారు. వాళ్లకు క్షమాభిక్ష చట్టం వచ్చింది 2013లో. అప్పటికి వాళ్లలో చాలామంది లేరు. ఇవి చెప్పకుండా యుద్ధ జ్ఞాపకాల నడక పూర్తి కాదు.

అందుకని సోమవారం నేనూ నాన్నగారూ బస్సెక్కి సొంతంగా వెళ్లాం. నార్త్ స్ట్రాండ్ రోడ్డు పక్కన బాంబు మృతుల స్మారక తోట చిన్నది, శుభ్రంగా ఉంది, ఆ ఉదయం మేము తప్ప ఎవరూ లేరు. అక్కడికి కాస్త దూరంలోనే ఫెయిర్‌వ్యూ పార్కులో షాన్ రసెల్ విగ్రహం ఉంది. ఐఆర్ఏ అనే సాయుధ గణతంత్రవాద సంస్థ నాయకుడైన రసెల్ ఇంగ్లండు మీద ఆయుధ సాయం కోసం నాజీ జర్మనీకి వెళ్లి, 1940 ఆగస్టులో జర్మన్ జలాంతర్గామిలో తిరిగివస్తూ దారిలో చనిపోయాడు. 1951లో పెట్టిన విగ్రహానికి రెండేళ్లలోనే చేయి విరగ్గొట్టారు. 2004 చివర్లో తల తీసేశారు. 2009లో కంచుతో మళ్లీ చేసి నిలబెట్టారు. జర్మన్ బాంబులకు చనిపోయినవారి తోటకూ, జర్మన్ సాయం కోరినవాడి విగ్రహానికీ మధ్య నడక దూరమే. తీసేయాలన్న మాట ఇప్పటికీ లేస్తూనే ఉంది.

నాన్నగారు ఆ విగ్రహం ముందు చాలాసేపు మాట్లాడలేదు. మా ఇంట్లో ముందుగదిలో సుభాష్ చంద్రబోస్ పటం ఉంటుంది, దానికి ఆయన ప్రతి జనవరి 23న దండ వేస్తారు. బోసు 1936లో డబ్లిన్ వచ్చి అప్పటి ఐరిష్ ప్రభుత్వాధినేత డి వలేరాను కలిశారు, 1943లో జర్మన్ జలాంతర్గామిలోనే తూర్పుకు బయలుదేరారు. "ఇద్దరూ ఒకటని అనను. కానీ వీణ్ణి చూడగానే వచ్చిన కోపం, ఆయన పటం ముందు నాకెప్పుడూ రాలేదు. ఎందుకో ఆలోచించాలి" అన్నారు. తిరుగు బస్సులో కూడా ఆయన దాని గురించే ఆలోచిస్తూ ఉన్నారని నాకు తెలుసు. డబ్బిచ్చి కొన్న నడక చూపించని ఈ చోటే ఆయన్ని అన్నిటికన్నా ఎక్కువగా కదిలించింది. అందువల్లే ఈ లోపాన్ని చిన్నదిగా రాయలేకపోతున్నాను.

గ్లాస్‌నెవిన్ శ్మశానం కూడా ఈ నడకలో లేదు, దూరం కనుక దాన్ని తప్పుపట్టను. అయితే దాని సంగతి గైడు శనివారమే చెప్పింది. 1916లో చనిపోయిన 488 మంది పేర్లను, తిరుగుబాటుదారులనీ సాధారణ పౌరులనీ బ్రిటిష్ సైనికులనీ వేరు చేయకుండా, 2016లో ఒకే గోడ మీద చెక్కారు. 2017లో దాని మీద రంగు పోశారు, 2020లో సుత్తితో పగలగొట్టారు. చివరికి ఆ పేర్లను తిరిగి పెట్టకూడదని శ్మశానం నిర్వాహకులే నిర్ణయించారు. చంపినవాడి పేరు పక్కన చనిపోయినవాడి పేరు ఉండటాన్ని వందేళ్ల తర్వాత కూడా కొందరు ఓర్చుకోలేకపోయారు. ఆమె ఇది చెప్పేటప్పుడు ఎవరి పక్షమూ తీసుకోలేదు, అయినా గొంతులో బాధ దాగలేదు.

వెళ్లాలనుకునేవారికి కొన్ని మాటలు. రెండు పూటల్లో ఒకటే కుదిరితే ఆదివారం పూట తీసుకోండి. ఐలండ్‌బ్రిడ్జ్‌కు సొంతంగా వెళ్లేవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు లేకపోతే అది అందమైన తోటగానే కనిపిస్తుంది. శనివారం చూసేవన్నీ నడక దూరంలోనివి, కాస్త చదువుకుని వెళితే మీరే చూసుకోవచ్చు. గ్రంథాలయం తెరిచి ఉండే వేళలు మాత్రం ముందే కనుక్కోండి. ఎంతమందిని తీసుకువెళతారో టికెట్టు కొనకముందే అడగండి. గొడుగు కన్నా తలకు ముసుగున్న వానకోటు మేలు, నది పక్కన గాలికి గొడుగు నిలవదు. మడతపెట్టే చిన్న స్టూలు ఒకటి దగ్గరుంటే పెద్దవాళ్లకు ప్రాణం లేచివస్తుంది.

నాన్నగారు నెల్లూరు వెళ్లాక, చెన్నైలో ఉన్న తన పాత విద్యార్థి ఒకరి చేత మ్యూజియంలోని నీల్ విగ్రహం ఫోటో తీయించి గైడుకు పంపారు. దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించాననీ, ఫ్యుజిలియర్స్ తోరణం దగ్గర ఇప్పుడు దాన్ని కూడా చూపిస్తున్నాననీ ఆమె జవాబు రాసింది. గైడుకు ఐదుకు ఐదు. ఆమెను నడిపిస్తున్న సంస్థకు మూడు. ఆ రాతి గదుల తాళాలు తీయించిన రోజున ఇంకొకటి కలుపుతాను.